నిద్రసంతలో కాన్పుల కొట్టు

మార్చి 2

ఈ రోజు కూడా నా కొట్టు ముందు ఎవరూ ఆగలేదు.

పదిన్నరకి పడక గంట మోగింది. గుంత మీది కప్పుబండలు ఒక్కొక్కటిగా జరిగి మూసుకున్నాయి. ఆఖరి బండ పడేముందు సన్నని వెలుగు పట్టీ ఒకటి మా వీధి గోడ మీద కాసేపు నిలబడుతుంది. తర్వాత చీకటి, నాపరాయి చల్లదనం. మా తాతల కాలంలో ఈ గుంతల్లోంచి బండలు తీసి ఊళ్లకి పంపేవారట. ఇప్పుడు ఆ గుంతల్లోనే మేం కాపురం ఉంటున్నాం. పదిన్నర నుంచి నాలుగింటి దాకా పైన ఎండలో ఏ ప్రాణీ తిరగడానికి వీల్లేదు. ఆ వేళ అందరం పడుకుంటాం. పడుకున్నాక అందరం సంతకి వెళ్తాం.

తలపట్టీ కట్టుకుని కళ్లు మూసుకుంటే నిద్రసంత. నంద్యాల చుట్టుపక్కల నలభై గుంతల జనం అక్కడే కలుస్తారు. నేల తడి ఇసుకలా ఉంటుంది. నడుస్తుంటే మన బరువు మనకి తెలియదు. కుండల కొట్టు దగ్గరికి వెళ్తే దాహం తీరినట్టుంటుంది. తాళాలు బాగుచేసే దస్తగిరి కొట్టు ముందు నిలబడితే ఇంటికి వచ్చేసినట్టుంటుంది.

నా కొట్టులో ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకి నా నర్సింగ్ సర్టిఫికెట్. సంతలో అక్షరం నిలవదని నాకు తెలుసు. అయినా పెట్టాను. పేరు సలోమి, పద్దెనిమిదేళ్ల అనుభవం, నాలుగు వందలకు పైగా కాన్పులు. నిరుడు ప్రభుత్వం మా ఉపకేంద్రం మూసేశాక సొంతంగా పని మొదలుపెట్టిన నా దగ్గర ఇంతకన్నా చెప్పుకోవడానికి ఏముంది?

ఒక నిండు గర్భిణి ఆ సర్టిఫికెట్ వైపు చూసింది. ఆమె చూడగానే అక్షరాలన్నీ చీమల్లా కదిలి చట్రంలోంచి బయటికి పాకిపోయాయి. ఆమె నవ్వి, కంపెనీ వాళ్ల ప్రసూతి కొట్టు వైపు వెళ్లిపోయింది. అక్కడ ఇల్లంత తెల్లకలువ ఒకటి విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటుంది. దాని రేకుల్లో ఆడవాళ్లు పడుకుని ఊగుతుంటారు.

నాలుగింటికి లేచి, వాడని కత్తెరలు మళ్లీ ఉడకబెట్టాను.

మార్చి 5

ఖాజా హుస్సేన్ వచ్చాడు. సంతలో కొట్లు కట్టడం అతని పని. యాభై దాటిన మనిషి, మా గుంతలోనే కింది వరసలో ఉంటాడు. వాళ్ల నాన్న దుకాణాలకి బోర్డులు రాసేవాడట. ఖాజన్నకి ఆ బ్రష్షులన్నీ ఇంకా ఉన్నాయి కానీ రాయించుకునేవాళ్లు లేరు.

"సిస్టరమ్మా, నీ కొట్టు చూసినా. ఆసుపత్రి వరండా మాదిరి ఉండాది," అన్నాడు.

"పని తెలిసిన మనిషినని తెలియాలి కదన్నా?"

"యాడ తెలుస్తాది? లేచినాక నీ మాట ఒక్కటి గుర్తుండదు వాళ్లకి. నీ మొగం గూడా గుర్తుండదు. చూసిందీ తగిలిందీ కలిసి మనసులో ఒక రుచి మిగుల్తాది, అంతే. ఆ రుచి బాగుంటే పట్టీ పెట్టెలోంచి నీ పేరుతో చీటీ వస్తాది. లేకుంటే రాదు."

అది నాకూ తెలిసిందే. కొనేవాళ్లు పూర్తిగా నిద్రపోతారు. అమ్మేవాళ్లం సగం మెలకువతో ఉంటాం, మా పట్టీలు వేరు, అందుకే సంతలో జరిగింది మాకు గుర్తుంటుంది.

"మరి ఏం చేయమంటావు?"

"నీకు బాగా ధైర్యమిచ్చిన గడియ ఒకటి చెప్పు. దాన్ని కొట్టుగా కడ్తా."

మార్చి 6

అతని పట్టీ తీగ నా పట్టీకి కలిపి కళ్లు మూసుకోమన్నాడు. చాలాసేపు ఏమీ రాలేదు. ఉపకేంద్రం, బల్లలు, రిజిస్టర్లు, ఏడ్చే పసికందులు. ఇవన్నీ వద్దన్నాడు. అప్పుడు మా పెద్దమ్మ వచ్చింది.

నాకు ఏడేళ్లు. ఒళ్లు కాలిపోయే జ్వరం. పెద్దమ్మ నా మంచం పక్కన కూర్చుని తల నిమురుతోంది. ఆమె చెయ్యి గరుకుగా ఉండేది, ఉల్లిపాయల వాసన వచ్చేది. "ఏం కాదులే," అంటూనే ఉంది. వాన పడుతోంది. అప్పట్లో వానలు పడేవి.

"సాలు," అన్నాడు ఖాజన్న. అతని కళ్లు తడిశాయి. "ఇది సాలు సిస్టరమ్మా."

మార్చి 9

కొత్త కొట్టు. నీలం గుడ్డ పందిరి, కింద ఒక నులకమంచం, తడిమట్టి వాసన. మంచం మీద కూర్చున్నవాళ్ల తలని కనపడని చెయ్యి ఒకటి నిమురుతుంది. "ఏం కాదులే" అన్న భావం ఒంట్లోకి దిగుతుంది. ఎవరూ ఏమీ అనరు, అయినా అన్నట్టే ఉంటుంది.

మొదట వచ్చిన మనిషికి పాతికేళ్లుంటాయి. సంతలో అందరూ తేలుతూ వస్తారు, ఈమె మాత్రం అటూ ఇటూ చూసుకుంటూ, కొత్త చుట్టాలింటికి వచ్చినట్టు వచ్చింది. మంచం అంచున కూర్చుంది. చెయ్యి తల మీద పడగానే కళ్లు మూసుకుంది. నాలుగింటి గంట మోగేదాకా లేవలేదు.

"ఎవురిదక్కా ఈ చెయ్యి?" అని అడిగింది వెళ్లేముందు.

నేను నవ్వి ఊరుకున్నాను. ఎట్లాగూ లేచాక గుర్తుండదు కదా అనుకున్నాను.

మార్చి 12

ఆమె సాయంత్రం చీటీ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మెలకువలో చూస్తే ఇంకా చిన్నదానిలా ఉంది. పేరు ఓబుళమ్మ. ఆరు కిలోమీటర్ల అవతల పదకొండో గుంత. తల్లి లేదు. మొగుడు మద్దిలేటి ఆ గుంతకి పగటి కాపలాదారు. ఊరంతా పడుకున్నప్పుడు అతనొక్కడే మేలుకుని కప్పుబండలు, నీళ్ల మోటార్లు చూసుకోవాలి.

"పెండ్లైనప్పటి నుంచి సంతలో ఒక్కదాన్నే తిరుగుతాండా అక్కా," అంది. "ఆయప్ప నిద్దర సాయంత్రం. నాది పగలు. ఒకరి కలలోకి ఒకరం పోయిందే లేదు."

ఆరో నెల నిండింది. బీపీ బాగుంది, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. ప్రతి పదిహేను రోజులకి ఒకసారి రావాలని చెప్పి, కాగితం మీద తేదీలు రాసిచ్చాను. దాన్ని మడిచి రవికలో పెట్టుకుంది.

నా సొంత పనికి ఆమె మూడో మనిషి.

మార్చి 19

ఇవాళ ఒక్కరోజే నలుగురు పేర్లు రాయించుకున్నారు.

ఏప్రిల్ 1

పని ఎక్కువైంది. పొద్దున నాలుగున్నరకే లేచి నీళ్లు పట్టుకుంటాను. వేడినీళ్లలో గుడ్డలు, గ్లవ్స్ మరిగిస్తాను. ఎనిమిదింటిలోపు రెండు గుంతలు తిరిగి వస్తాను. పదింటికి జొన్నరొట్టె తిని, కొట్టు తెరవడానికి పడుకుంటాను. పడుకోవడమే నా వ్యాపారంలో సగం పని కావడం తమాషాగా ఉంటుంది.

పందిరి కింద ఇప్పుడు వరసలో నిలబడుతున్నారు. గర్భిణులే కాదు. ముసలివాళ్లు వస్తున్నారు, బండలు కోసే మిషను మీద పనిచేసే మగవాళ్లు వస్తున్నారు. ఒకాయన మంచం మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చి, తేలిగ్గా లేచి వెళ్లాడు. వాళ్లని పంపించేయమని అడిగితే ఖాజన్న ఒప్పుకోలేదు.

"గుంపు ఉంటేనే గుంపు వస్తాది," అన్నాడు.

ఓబుళమ్మ రోజూ వస్తుంది. అందరికన్నా ముందు వచ్చి మంచం కాళ్ల దగ్గర కూర్చుంటుంది. మార్చి 27 తేదీకి పరీక్షకి రాలేదు. అడిగితే, "రోజూ నీ కాడనే ఉండా కదక్కా," అంది.

ఏప్రిల్ 17

నీళ్ల ట్యాంకరు డ్రైవరుతో ఓబుళమ్మకి ఉత్తరం పంపాను. రెండో తేదీ కూడా దాటిపోయింది, ఒకసారి రమ్మని. జవాబు అదే కాగితం వెనక రాసి పంపింది. "బాగుండానక్కా. నిద్ర లేస్తే మనసు నిమ్మళంగా ఉంటాది. ఏం కాదని నాకు తెలుసు. దూరం కదా, మళ్లా నెల వస్తాను."

చదివి సంతోషపడ్డాను. ఆ మాట దాచకుండా రాయాలి. ఆ వారం రెండు కాన్పులు, ఇంకో ఆరు పరీక్షలు. ఒక మనిషి రానక్కర్లేదంటే నాకూ కాస్త ఊపిరి ఆడింది. పైగా నేనూ ఆమెని రోజూ చూస్తూనే ఉన్నాను కదా.

ఏప్రిల్ 28

ఇవాళ సంతలో మిణుగురులు వచ్చాయి.

మొదట ఒకటో రెండో. పందిరి గుడ్డ మీద వెండిచుక్కలా మెరిసి ఆరిపోయాయి. తర్వాత ఓబుళమ్మ తల చుట్టూ పదీ ఇరవై, చిన్న చిన్న వలయాలుగా తిరుగుతూ. ఆమె వాటి మధ్య కళ్లు మూసుకుని కూర్చుంది. ఆ వెలుగు మంచం మీద, నా చేతుల మీద, వరసలో నిలబడ్డవాళ్ల ముఖాల మీద పడి కదులుతూ ఉంది. చిన్నపిల్ల ఒకతె ఒక మిణుగురుని దోసిట్లో పట్టుకుని విప్పి చూసింది. దోసిలి ఖాళీగా ఉంది, కానీ వేళ్లు మెరుస్తున్నాయి.

ఇంత అందమైనది నేను సంతలో ఎప్పుడూ చూడలేదు.

మే 3

మిణుగురుల కోసం దూరపు గుంతల నుంచి జనం వస్తున్నారు. అవుకు వైపు నుంచి కూడా వచ్చారట. పందిరి బయట ఇసుక మీద కూర్చుని చూస్తున్నారు. చీటీలు ఎన్ని వెళ్లాయో లెక్క తెలియదు. సాయంత్రం మా గుమ్మం ముందు పదిహేను మంది.

"నువ్వు కట్టావా అవి?" అని ఖాజన్నని అడిగాను.

"నేనెక్కడ కట్టినా! వాటంతటవే వచ్చినాయి. కొట్టు బాగా కుదిరితే అట్లా అయితాది అంటారు. నేనైతే ఇదే చూడడం," అన్నాడు. సొంత బిడ్డకి పళ్లు వచ్చినంత సంబరం అతనికి. "కంపెనీ కలువ పక్కన గూడా నిన్నటి నుంచి మిణుగురులు పెట్టినారు, చూసినావా? వాళ్లవి అతికించినట్టుండాయి. నీవి బతికుండాయి."

మే 9

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

నిన్న మిణుగురులు వందల్లో ఉన్నాయి. పందిరి లోపలంతా వెండిపొడి చల్లినట్టుంది. నేను జనాన్ని దాటుకుంటూ ఓబుళమ్మ దగ్గరికి వెళ్లాను, ఎందుకో ఊరికే పలకరించాలనిపించింది. అప్పుడు ఆమె కాళ్లు చూశాను. సంతలో ఎవరి కాళ్లూ ఇసుకలో దిగవు. ఆమెవి చీలమండల దాకా దిగిపోయి ఉన్నాయి.

"లేచి నిలబడు ఓబుళమ్మా," అన్నాను.

"బరువుగా ఉండాయక్కా. లేవనీవు."

"ఈ మిణుగురులు నీతోనే వస్తున్నాయా?"

"నాతోనే," అంది, చాలా గర్వంగా. "ముందు కలలోనే వచ్చేవి. ఇప్పుడు మేల్కొన్నా గూడా కనపడ్తాయి. రొట్టె చేస్తాంటే పెనం మీద, గోడ మీద, యాడ చూస్తే ఆడ. వెండిపూల మాదిరి."

"తల నొప్పిగా ఉంటోందా?"

"ఇంటికాడ ఉంటాది. ఈడ చెయ్యి పెట్టినాక తెలీదు."

నాలుగు వందల కాన్పులు చేసిన మనిషిని. కళ్ల ముందు మెరుపులు, విడవని తలనొప్పి, కాళ్ల వాపు. ఈ మూడూ కలిస్తే ప్రాణం తీసే బీపీ అని మొదటి సంవత్సరం నర్సింగు పిల్ల కూడా చెబుతుంది. పది రోజులుగా ఆ మెరుపుల కిందే కూర్చుని అందంగా ఉన్నాయని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

"లే, ఇప్పుడే లేచి మీ ఆయన్ని పిలువు. నేను వస్తున్నాను," అన్నాను. ఆమె తలూపింది. కానీ ఆ మాట గుర్తుండదు. లేచేది కూడా నాలుగింటికి. అప్పటికి ఇంకా నాలుగున్నర గంటలుంది.

తలపట్టీ లాగేసుకుని లేచాను. వీధంతా నిద్రపోతోంది. వరసగా చాపలు, నెమ్మదైన ఊపిరులు, చీకట్లో పట్టీల మీద చిన్న పచ్చదీపాలు. ఇంత మంది మధ్య ఒక్కదాన్నే మేలుకుని పరుగెత్తడం అదే మొదటిసారి. కింది వరసకి వెళ్లి ఖాజన్నని కుదిపి లేపాను. అతనికి ఒక పాత కరెంటు ఆటో ఉంది.

విషయం విని "అవి మిణుగురులు కాదా?" అన్నాడు. అంతే. గోనెసంచులు నీళ్లలో ముంచడం మొదలుపెట్టాడు.

మా గుంత కాపలాదారు ఒక బండ జరిపాడు. పైన తెల్లగా ఉంది. ఆకాశం తెల్లగా, నేల తెల్లగా, మధ్యలో దారి ఎక్కడుందో తెలియని వెలుగు. ఒక్క చప్పుడు లేదు. ఆటో పైకప్పు మీద, మా మీద తడి గోనెలు. మూడు నిమిషాలకి అవి ఆరిపోతుంటే డబ్బాలోంచి నీళ్లు పోసుకుంటూ వెళ్లాం. ఖాజన్న పెదాలు కదులుతున్నాయి, దువా చదువుతున్నాడు. నేను సూదిమందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, దాని మీద తడిగుడ్డ కప్పి, రెండు చేతులతో పట్టుకున్నాను. దూరంగా ఎండమావుల్లో గుంతల కప్పులు నీళ్ల మీద పడవల్లా తేలుతూ కనిపించాయి. అది కలో నిజమో ఒక్క క్షణం నాకు తెలియలేదు. భుజం ఆటో రేకుకి తగిలి కాలింది. అప్పుడు తెలిసింది.

పదకొండో గుంత దగ్గర హారన్ కొడితే మద్దిలేటి బండ తీశాడు. బక్కపలచని మనిషి. ఈ వేళప్పుడు పైనుంచి మనుషులు దిగడం అతను ఎప్పుడూ చూసి ఉండడు.

"నీ భార్యకి తలనొప్పి అని నీతో చెప్పిందా?" అని అడిగాను మెట్లు దిగుతూనే.

"చెప్పింది సిస్టరమ్మా. మీ కాడికి రోజూ పోతాండా, మీరు ఏం కాదన్నారు అని గూడా చెప్పింది."

ఓబుళమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ముఖం గుర్తుపట్టలేనంత ఉబ్బి ఉంది. రెండు నెలలుగా సంతలో నేను చూసిన ముఖం ఇది కాదు. కలలో ఎవరి ముఖం వాళ్లు అనుకున్నట్టే ఉంటుంది. పట్టీ తీసి లేపాను. బీపీ నూట ఎనభై, కింద నూట ఇరవై.

మా గుంతలో ఫోను లేదు, ఇక్కడి కాపలా ఫోనులో ఆసుపత్రికి చెప్పాను. చల్లబండి అంబులెన్సు పంపిస్తామన్నారు, రోడ్డు తారు మెత్తబడి ఉంది కాబట్టి గంటన్నర పడుతుందన్నారు. అప్పటిలోపు మెగ్నీషియం సూది వేయాలి. లేకపోతే గుర్రపువాతం, ఆ బీపీ మూర్ఛ, ఎప్పుడైనా రావచ్చు. వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు.

సూది చూసి ఓబుళమ్మ వెనక్కి జరిగింది.

"ఏంటికక్కా ఇది? నాకేం కాలేదు."

"బీపీ బాగా పెరిగింది. నంద్యాల వెళ్లాలి. ఆపరేషను చేయాల్సి రావచ్చు."

"వద్దు. నా కాన్పు నీ చేతుల మీదనే. ఏం కాదని నువ్వే కదా రోజూ చెప్తాండావు." ఆమె చేత్తో పక్కన తడుముతోంది. పట్టీ కోసమని నాకు అర్థమైంది. "కొంచేపు సంతకు పోయొస్తా. ఆ చెయ్యి తగిల్తే నొప్పి తగ్గిపోతాది. నువ్వు గూడా రాక్కా."

నిజం మనిషిని ఎదురుగా కూర్చున్నాను. నన్ను దాటి ఆ కొట్టులోకి వెళ్లాలని చూస్తోంది. ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఆ చెయ్యి నాది కాదు ఓబుళమ్మా."

"మరెవరిది?"

"మా పెద్దమ్మది. ఆమెకి కాన్పులూ తెలీవు, బీపీలూ తెలీవు. నాకు ఏడేళ్లప్పుడు జ్వరం వస్తే పక్కన కూర్చుని ఏం కాదులే అంది. నాకు మందు లేదు, ఆసుపత్రి లేదు, వేరే ఏమనాలో తెలీక అంది. ఆ రోజు నాకేమైనా అయ్యుంటే ఆమె ఏమీ చేయగలిగేది కాదు. ఆ మాటని నేను కొట్టులో పెట్టి మీకు చూపించాను. గిరాకీ కోసం."

ఆమె నా ముఖంలోకి చూసింది. వాచిన రెప్పల మధ్య కళ్లు చిన్నగా ఉన్నాయి.

"అయితే ఏమన్నా అయితాదా నాకు?"

"అవుతుందో లేదో నాకు తెలీదు. నాకు చాలా భయంగా ఉంది."

పద్దెనిమిదేళ్లలో ఏ గర్భిణితోనూ అనని మాట. అనకూడదని మాకు నేర్పిస్తారు. మద్దిలేటి గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఓబుళమ్మ వేళ్లు పట్టీ మీద నుంచి తీసేసి, నెమ్మదిగా పక్కకి తిరిగి, చీర కాస్త కిందికి జరిపింది.

"వేయక్కా," అంది.

రెండు వైపులా సూదులు వేశాను. బాగా నొప్పి పుట్టే మందు అది. ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ తర్వాత గంటా ఇరవై నిమిషాలు నిమిష నిమిషానికీ ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. నేను ఆమె తల నిమరలేదు. ఆమె కూడా అడగలేదు.

మే 11

నంద్యాలలో నిన్న తెల్లవారుజామున ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కిలో ఏడు వందల గ్రాములు. వెచ్చని గాజుపెట్టెలో పెట్టారు, సొంతంగా ఊపిరి తీసుకుంటోంది. సూది పడడం ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ అంది. నన్ను మెచ్చుకోవడానికే అంది. నేను ఏప్రిల్ నెల గురించి ఆమెకి చెప్పలేదు. ఓబుళమ్మకి చెప్పాలి.

సాయంత్రం ఆమె వార్డులోకి వెళ్లాను. ముఖం వాపు సగం తగ్గింది. మంచం పక్కన నిలబడి, తేదీలు దాటిపోతున్నా నేను వెతుక్కుంటూ రాలేదని, రోజూ చూస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్నానని, ఆ వెలుగులు ఏమిటో తెలియాల్సిన మనిషినై ఉండి తెలుసుకోలేదని చెప్పాను.

ఆమె అంతా వింది. "మా అమ్మ పోయినాక నా తల మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు," అంది. తర్వాత గోడవైపు తిరిగింది.

పెట్టెలో బిడ్డని ఒకసారి చూసి వచ్చేశాను.

మే 13

కొట్టు తీసేయమని ఖాజన్నకి చెప్పాను.

అతను బతిమాలాడు. "ఒక్కరికి అట్లయిందని అందరికీ మేలు చేసేది పీకేస్తావా? ఆ బండమిషను ఆయప్ప వారానికోసారి వచ్చి ఏడ్చిపోతాడు. వానికి యాడ దొరుకుతాది ఇది?"

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మంచం, పందిరి, చెయ్యి ఖాజన్న తన పేరు మీద సంత చివర్న కట్టుకుంటాడు. దానికి కాన్పులతో సంబంధం ఉండదు, దాని నుంచి ఎవరికీ చీటీ రాదు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.

"మా నాయన గుడిముందర, మసీదు ముందర బోర్డులు ఊరికే రాసిచ్చేవాడులే," అన్నాడు.

మే 16

పేర్లు రాయించుకున్న ఇరవై ఆరు మంది ఇళ్లకీ తిరుగుతున్నాను, తెల్లవారుజామున, సాయంత్రం. ప్రతి ఇంట్లో అదే చెబుతున్నాను: సంతలో మీకు కలిగిన ధైర్యం నా పనితనం కాదు, నన్ను మెలకువలో చూసి నిర్ణయించుకోండి అని. కొందరు నవ్వారు. ఒకావిడ మజ్జిగ ఇచ్చి పంపింది. తొమ్మిది మంది మానుకుని కంపెనీ కొట్టుకి వెళ్లిపోయారు. ఇద్దరికి బీపీ కాస్త ఎక్కువగా ఉంది, వాళ్లని ఇప్పుడే నంద్యాల పంపాను.

మే 24

నా స్థలంలో ఇప్పుడు ఒక చాప మాత్రం ఉంది. ఏ వాసనా లేదు, ఏ చెయ్యీ లేదు. వచ్చినవాళ్లకి నా ఎదురుగా కూర్చున్నట్టు అనిపిస్తుంది, అంతకుమించి ఏమీ కాదు. నేను అడుగుతాను. నిద్ర పడుతోందా? బిడ్డ కదులుతోందా? ఇంట్లో ఎవరున్నారు? వాళ్లు చెప్పింది వాళ్లకి గుర్తుండదు, నాకుంటుంది. లేచాక ఈ పుస్తకంలో రాసుకుని, అనుమానం ఉన్న ఇంటికి సాయంత్రం వెళ్తాను.

మొదటి మూడు రోజులు ఎవరూ రాలేదు. నాలుగో రోజు ఒకామె వచ్చి, మిణుగురులు ఎక్కడని అడిగింది. లేవని చెప్పాను. వెళ్లిపోయింది. అటువైపు కంపెనీ కలువ చుట్టూ అతికించిన మిణుగురులు ఇంకా తిరుగుతున్నాయి. వాళ్ల దగ్గర ఎవరికైనా నిజంగా అట్లాంటి మెరుపులు వస్తే ఎవరు గుర్తుపడతారు? వాళ్ల ఆఫీసుకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రెండోది రాశాను.

జూన్ 2

ఒక కాన్పు, మగపిల్లవాడు. తల్లి గట్టిది, మూడు గంటల్లో అయిపోయింది. చాలా రోజుల తర్వాత చేతులు తమ పని తాము చేసుకుపోయాయి.

జూన్ 15

సాయంత్రం బండలు తీశాక గుమ్మంలో మద్దిలేటి నిలబడి ఉన్నాడు. పక్కన ఒక అమ్మాయి, నాలుగైదు నెలల కడుపుతో. ఇద్దరూ ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చారు. కాళ్ల నిండా తెల్లదుమ్ము.

"మా మరదలు పుల్లమ్మ," అన్నాడు. "ఓబుళమ్మ చెల్లెలు."

లోపలికి రమ్మని నీళ్లిచ్చాను. వాళ్లు తాగాక ఓబుళమ్మ ఎట్లా ఉందని అడిగాను.

"బాగుండాది. బీపీ మాత్ర ఒకటి మింగుతాంది. పిల్ల రెండున్నర కేజీలకొచ్చింది, గొంతు మాత్రం పెద్దది, గుంతంతా లేపుతాది." నవ్వాడు. నవ్వాక నేల వైపు చూశాడు. "నేను కాపలా మార్పించుకుంటి. ఇప్పుడు పగలు నేనూ పండుకుంటాండా. సంతలో ఇద్దరం కలిసే తిరుగుతాండాం."

"నన్ను అడిగిందా?"

"మీ మీద కోపం పోలేదు సిస్టరమ్మా. పేరెత్తితే లేచి పోతాది."

తలూపాను. అది న్యాయమే.

"మరి ఈ పిల్లని నా దగ్గరికి ఎందుకు తెచ్చావు?"

"ఆమే పంపింది. కంపెనీ కొట్టు చీటీ తీసుకొనిండె ఈ పిల్ల. ఓబుళమ్మ చించేసి, పో, ఆమెకాడికే పో అనింది. భయమైతే భయమని చెప్తారంట మీరు."

పుల్లమ్మ మా ఇద్దరి మాటలూ వింటూ, గది నలుమూలలా చూస్తోంది. ఉడకబెట్టి ఆరేసిన గుడ్డలు, గోడకి ఆనించిన చాప, కిరోసిన్ స్టవ్వు. ఆమెకి ఇక్కడ నచ్చడానికి ఏమీ లేదు. అక్క మాట మీద వచ్చింది, అంతే.

"అక్కకు అయినట్టు నాకు కాదు కదక్కా?" అంది. "ఏం కాదు కదా నాకు?"

మద్దిలేటి కూడా నా వైపు చూశాడు.

"ఇంకా నిన్ను చూడనేలేదు కదమ్మా," అన్నాను. "కూర్చో. చూసి, ఉన్నదున్నట్టు చెప్తాను."

ఆమె చెప్పులు విడిచి చాప పరుచుకుని కూర్చుంది. నేను చేతులు కడుక్కోవడానికి లేచాను.